పీక పడలేదు

చేపల వదినకీ ఆమె మరిదికీ మధ్య నడిచేదాన్ని గొడవ అంటే గొడవలన్నీ చిన్నబుచ్చుకుంటాయి. గొడవకి ఒక మొదలూ, ఎప్పటికో ఒక రాజీ ఉంటాయి. వీళ్ళది అలా కాదు. ఇంటి పై వాటా మరిదిది, కింది వాటా వదినది, మధ్యలో మెట్లు ఇద్దరివీ కావు. ఆ మెట్ల దగ్గర ఎదురుపడితే ఒకరు గోడకేసి తిరిగి నిలబడేవారు, రెండోవారు గొంతు సవరించుకుంటూ దాటిపోయేవారు. ఉప్పూ నిప్పూ అని పెద్దలు ఊరికే అనలేదు. వాటాలు వేసుకున్నప్పుడు గాలీ వెలుతురూ బాగుంటాయని మరిది పైది కోరుకున్నాడు. పెరడు దక్కుతుందని వదిన కిందిది కోరుకుంది. ఎదుటివాళ్ళ నెత్తిన చెయ్యి పెట్టామనుకుని ఇద్దరూ ఆ రోజు హాయిగా నిద్రపోయారు. పైనుంచి ఏం పడినా కిందే పడుతుందన్న చిన్న విషయం ఆవిడకి అప్పుడు తట్టలేదు.

పడేవి సిగరెట్ పీకలు.

మరిది స్థలాల బేరగాడు. తనవి కాని నేలల్ని తనవి కాని మాటలతో అమ్మిపెట్టడం ఆయన పని. ఆ పనంతా ఫోన్‌లోనే నడిచేది. ఫోన్ మోగితే బాల్కనీలోకి రావాలి, బాల్కనీలోకి వస్తే సిగరెట్ వెలగాలి. చివరి దమ్ము లాగాక పీకని ఊరికే జారవిడిచే రకం కూడా కాదు. బొటనవేలి మీద పెట్టి చూపుడువేలితో టప్పున ఎగరగొట్టేవాడు. అది పెరడు దాటి, ప్రహరీ దాటి, వీధి మురిక్కాలవలో పడాలని ఆయన గురి. కాలవలో పడిందంటే ఇక అది లోకంలో లేనట్టేనని ఆయన నమ్మకం. ఆయన ఒక్కడిదేముంది, ఆ వీధి మొత్తం నమ్మకం అదే. మూలమీది కొట్టు దగ్గర నిలబడేవాళ్ళు, బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళు, బస్సు దిగి దమ్ము కోసం మొహం వాచినవాళ్ళు, అందరూ చెప్పుకింద నలిపి వదిలేసిన పీకల్ని పొద్దున్నే ఊడ్చేవాళ్ళు కాలవలోకే తోసేవారు. కాలవ వాటిని మోసుకెళ్ళి ఊరవతల చెరువులో దింపేది. పీక చూడ్డానికి దూది ఉండలా ఉంటుంది గాని దూది కాదు. ఏళ్ళు గడిచినా కుళ్ళదు, తను పీల్చుకున్న విషాన్ని నీళ్ళకి పంచిపెట్టడం మానదు. అయినా ఎవరికి కావాలి ఆ గొడవ? మన గుమ్మం దాటితే చాలు, తర్వాత గంగపాలు.

గురి తప్పిన పీకలు మాత్రం వదిన పాలు.

ఆవిడ పెరట్లో చీర ఆరేసుకోవడానికి కూడా చోటుండదు, అన్నీ సిమెంటు తొట్లే. ఆ తొట్లలో రంగుచేపలు పెంచి దుకాణాలకి ఇస్తుంది, అందుకే వీధిలో పిల్లాపెద్దా అందరికీ ఆవిడ చేపల వదినే. అన్ని చేపల్లోకీ ఆవిడ ప్రాణం ఒక జాతి మీద ఉండేది. చింతనిప్పులాంటి ఒళ్ళు, విప్పిన తోక చుట్టూ కాటుకతో గీసినట్టు నల్లటి అంచు. దాన్ని అంచు చేప అని పిలిచేది. ఆ చేప ఎక్కడా కొనుక్కుంటే దొరికేది కాదు. అంచు చెదిరినవాటిని పక్కకి తీసేసి, నిలిచినవాటినే జతకట్టి, వాటి పిల్లల్లో మళ్ళీ ఏరి, ఆవిడ ఏళ్ళ తరబడి కూర్చుని తయారుచేసుకున్న జాతి అది. ఉడికిన గుడ్డు సొనని పలచటి గుడ్డలో మూటకట్టి నీళ్ళలో పిండితే, కంటికి కూడా ఆనని పిల్లలు ఆ పసుపు మబ్బులోకి వచ్చి మేసేవి. కన్నబిడ్డలకి కూడా అంత ఓపిగ్గా పెట్టి ఉండదు. ఆ చేపకి కుళాయి నీళ్ళు పడవు. మేడ మీంచి గొట్టంలో దిగే వాననీళ్ళని నీలం డ్రమ్ములో పట్టి, నాలుగు రోజులు ఊరనిచ్చి, అవే పోసేది. ఆ గొట్టం మొదలు బాల్కనీ మూలలో ఉంది కాబట్టి పైన ఉండే తోడికోడలికి ఒకే ఒక్క మాట చెప్పి ఉంచింది.

"చెల్లీ, బాల్కనీ కడిగితే కడుక్కో గాని సబ్బు నీళ్ళు మాత్రం అటు వదలకమ్మా."

తోడికోడలు ఆ మాట తప్పలేదు. ఆఫీసులకి భోజనం క్యారేజీలు కట్టి పంపే మనిషి ఆవిడ. పొద్దున లేచింది మొదలు వంటింట్లోనే మగ్గిపోయినా, మొగుడు బయటికెళ్ళగానే కిందకి దిగొచ్చి తొట్ల పక్కన గొంతుక్కూర్చునేది. ఆ ఇంట్లో పైకీ కిందకీ మధ్య మిగిలిన మంచి అంటూ ఏదైనా ఉంటే అది ఆవిడే.

ఆ ఏడు వానలు మొదలవుతూనే రంగుచేపల దుకాణంవాడు వచ్చి తొట్టిలో అంచు పిల్లల్ని చూసి నోరు వెళ్ళబెట్టాడు.

"అమ్మా, ఈ విడత పిల్లలకి కూడా అంచు ఇలాగే నిలబడితే మొత్తం నేనే పట్టుకెళ్తాను. ఆ తర్వాత నువ్వెన్ని పెంచినా నాకే. కాస్త పెద్ద జాగా చూసుకో, ఈ పెరడు చాలదు నీకు."

పెద్ద జాగా ఆవిడ అప్పటికే చూసి పెట్టుకుంది. ఊరి బయట ఒక షెడ్డు. పైన ఇంకో అంతస్తు లేని షెడ్డు. ఈ ఇంట్లోంచి, ఆ బాల్కనీ పిట్టగోడ కిందనుంచి బయటపడే దారి ఆ తోకల అంచు మీదే ఉందని ఆవిడకి తెలుసు.

దుకాణంవాడు అలా వెళ్ళాడో లేదో, ఒక పొద్దున వదిన తొట్లకి మేత వేయబోతే ఒక తొట్టి చేపలన్నీ వెల్లకిలా తేలి ఉన్నాయి. పైన కట్టిన నైలాన్ వలకి కాలిన చిల్లు ఉంది. చిల్లు కింద నీళ్ళలో ఉబ్బిన పీక ఉంది. దేవుడు దయ తలచబట్టి అది అంచు చేపల తొట్టి కాలేదు. ఆ పక్కదే అంచు చేపలది.

ఆవిడ పీకని రెండువేళ్ళతో పట్టుకుని పెరడు మధ్యలో నిలబడి పైకి అరిచింది.

"ఇదేంటో చూడు! నీ నోట్లోంచి వచ్చిందే! నా తొట్టంతా చంపేసింది!"

మరిది పిట్టగోడ మీంచి వంగి, పొరుగింటి పెళ్ళి చూస్తున్నట్టు చూశాడు.

"ఒక్క పీకకి చచ్చేవి కూడా చేపలేనా వదినా? రోజుకి పెట్టెడు కాలుస్తాను, నేను చచ్చానా?"

"నువ్వెందుకు చస్తావు నాయనా? నీ చుట్టూ ఉన్నవి చస్తాయి."

"మరి చేపలకి చెప్పు, కొంచెం జరిగి ఈదమని!"

అవతల బాల్కనీల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వదినకి పుండు మీద కారంలా తగిలింది. పీకలదాకా వచ్చిన కోపాన్ని మింగుకుని లోపలికొచ్చి మొగుడి ముందు నిలబడింది. ఆయన బోర్డులు రాసే పెయింటరు. లోకం తలకిందులైనా ఆయన నోట్లోంచి ఊడిపడేది "ఊఁ" ఒక్కటే. పెళ్ళిచూపుల్లో కూడా అదే అన్నాడు. నయం, అప్పుడు అది ఔననే అర్థం చేసుకున్నారు.

"ఏవండీ, ఒక బోర్డు రాయండి. 'ఇక్కడ పీక పడితే పీక తీస్తాం' అని. వాడికి పైనుంచి కనపడాలి."

"ఊఁ."

సొంత తమ్ముడి మీద రాయాల్సిన మాట అని ఆయన ఆలోచించాడో లేదో ఎవరికీ తెలియదు. పని మాత్రం పనిలా చేశాడు. ఎర్రటి అక్షరాలు, వాటికి నల్లటి నీడలు, చివర ఒక చిన్న తీగ మెలిక కూడా వేశాడు. పెళ్ళిపందిరికి కట్టినా అతికినట్టుండే బోర్డు అది.

మర్నాడే మరిది వెళ్ళి మేనమామని వదిన వాటాలోకి వెంటపెట్టుకొచ్చాడు. మేనమామ కోర్టులో గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి, అందరికీ కోర్టు మామయ్య. కోర్టు ఆయన్ని వదిలేసినా ఆయన కోర్టుని వదల్లేదు. ఇంట్లో మజ్జిగ పలచగా ఉన్నా సాక్ష్యం ఏదని అడిగే రకం.

"చూడు మామయ్యా, నా పీక తీస్తానని బోర్డు పెట్టింది!" మరిది కుర్చీలో కూర్చోకుండానే మొదలుపెట్టాడు. "రాసింది ఎవరనుకున్నావు? నా తోడబుట్టినవాడు! పైగా నీడలేసి మరీ రాశాడు!"

"ఆగరా. ముందు ఏ పీక ఏ పీకో తేలాలి." కోర్టు మామయ్య కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అమ్మాయ్, మొదటి పీక ఏది?"

"సిగరెట్‌ది."

"రెండోది?"

"నీ మేనల్లుడిది."

తలుపు వెనకాల తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కోర్టు మామయ్యకి కూడా మీసం కదిలింది గాని సర్దుకున్నాడు.

"అది ప్రాణాపాయం బెదిరింపు కిందకొస్తుంది. బోర్డు దించు. దించితే నీకేం కావాలో చెప్పు. చాంతాడంత కథ వద్దు. ఒక్క మాట చెప్పు. ఎక్కడైనా చివరికి నిలబడేది ఒక్క మాటే."

వదిన ఆలోచించింది. చెప్పాలంటే గంపెడుంది. గాలి, పొగ, వల, నిద్రలో కూడా వినపడే ఆ టప్పు, ఆ నవ్వు. అన్నిటినీ కుదించి ఒక్క మాట చేసింది.

"పీకన్నది ఒక్కటి కూడా కింద పడకూడదు."

"అంతేనా?"

"అంతే."

"విన్నావుగా?" కోర్టు మామయ్య మరిది వైపు తిరిగాడు. "పీక పడకూడదు."

"పడదు," అన్నాడు మరిది. ఆయన అంత తొందరగా ఒప్పుకున్నందుకే వదినకి అనుమానం రావాల్సింది. కాని గెలిచినవాళ్ళకి అనుమానాలు రావు. తన నోటి మాటే తీర్పయిందని ఆ పూట ఆవిడ గుమ్మంలో కాసేపు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. బోర్డు దింపేటప్పుడు మాత్రం మొగుడు దాని తీగ మెలికని ఒకసారి వేలితో తడిమి, గోడకి బోర్లా ఆనించాడు.

మాట మాటే. పీక పడలేదు. మరిది బాల్కనీలో ఒక పాత పాలపొడి డబ్బా పెట్టి సగానికి నీళ్ళు పోశాడు. పీక అందులో వేస్తే చుయ్యిమని ఆరిపోయేది. కింద తొట్ల మీద వలలు చిల్లుపడకుండా ఉన్నాయి. అంచు పిల్లలు పెరిగాయి, ఒక్కొక్కటీ తోక విప్పితే అంచు చెదరకుండా చుట్టూ నిలబడి ఉంది. వదినకి ఎన్నాళ్ళకో ఆకలి వేసింది. మెట్ల దగ్గర మరిది ఎదురుపడితే మొహం తిప్పుకుంది గాని మునుపటంత గట్టిగా తిప్పుకోలేదు.

ఉన్నట్టుండి వానలు ముఖం చాటేశాయి. డ్రమ్ములో నీళ్ళు అడుగంటాయి. దుకాణంవాడు మర్నాడు వస్తానని కబురు చేశాడు. వచ్చేసరికి తొట్లు తళతళలాడాలని, వదిన పొద్దున్నే గొట్టంతో అడుగు మురికి లాగేసి, డ్రమ్ములో మిగిలిన నీళ్ళన్నీ అంచు చేపల తొట్లలో సమంగా పోసింది. నీళ్ళు కాస్త పసుపుగా ఉన్నాయి. మేడ మీద ఆకులు నాని వాననీటికి ఆ రంగు దిగడం మామూలేగా అనుకుంది.

మధ్యాహ్నానికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. కొన్ని పక్కకి వాలి గుండ్రంగా తిరిగాయి. ఆవిడ చేతికందినవాటిని వేరే నీళ్ళలోకి మార్చింది, గాలి గొట్టం పెట్టింది, ఆ తొందరలో గిన్నెలు దొర్లించుకుంది. ఏం చేసినా లాభం లేకపోయింది. ఎర్రటి ఒళ్ళు తెల్లబడుతూ, తోకలు మూసుకుపోతూ, తల్లులూ పిల్లలూ అన్నీ పోయాయి. ఆ జాతి గింజ కూడా మిగల్లేదు.

వల ఎత్తి చూసింది, చిల్లు లేదు. తొట్లన్నీ చేత్తో దేవింది, పీక లేదు. చివరికి డ్రమ్ములో తల పెట్టింది. గుప్పున ఆ వాసన కొట్టింది, మెట్ల మీద మరిది దాటిపోయాక మిగిలే వాసన.

ఆవిడ మెట్లెక్కింది. వాటాలు పడ్డాక ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. చేతిలో చచ్చిన చేపల గిన్నె ఉంది. వెనకాలే మొగుడు, రంగు చేతుల్తో అలాగే లేచి వచ్చాడు. మరిది భోజనానికి కూర్చుని ఉన్నాడు. వదిన గిన్నెని కంచం పక్కనే టక్కున పెట్టింది.

"అన్నీ పోయాయి. ఇప్పుడు కడుపు నిండిందా?"

మరిది ముద్ద ఆపకుండా గిన్నెలోకి చూశాడు.

"పీక పడిందా?"

"నా డ్రమ్ము నీ పొగ కంపు కొడుతోంది!"

"నేనడిగింది అది కాదు. పీక పడిందా? పడితే చూపించు. పెద్దమనిషి ముందు నువ్వన్న మాటేగా అది. నేను తప్పానా?"

"పడలేదు. అయినా ఇది నీ పనే!"

"అన్నయ్యా, చూస్తున్నావుగా? పీక లేదంటుంది, పని నాదంటుంది. చేపలు చావాలని రాసిపెట్టి ఉంటే..."

"అక్కా."

వంటింటి గుమ్మంలో తోడికోడలు నిలబడి ఉంది. చేతిలో గరిటె అలాగే ఉంది. కళ్ళు గిన్నె మీదే ఉన్నాయి.

"ఆ డబ్బా రోజూ నేనే ఖాళీ చేస్తున్నా అక్కా. పీకలన్నీ ఏరి కాగితంలో చుట్టి చెత్తబండిలో వేస్తున్నా. ఒక్కటి కూడా కిందకి పోకూడదని ముక్కు మూసుకుని చేత్తో దేవి మరీ తీస్తున్నా." ఆవిడ గరిటెతో బాల్కనీ వైపు చూపించింది. "నీళ్ళు మాత్రం... మూల గొట్టంలో పోశాను. సబ్బు లేదుగా అనుకున్నా."

వదిన తోడికోడలి వైపు తిరిగింది. మెట్లెక్కుతూ పేర్చుకున్న తిట్లన్నీ నాలుక చివర ఉన్నాయి, వేయడానికి మనిషే లేదు. పీక పడకూడదని అడిగింది తను. పడకుండా చూసింది ఈ పిచ్చితల్లి. నీళ్ళ సంగతి ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. వానలున్నన్నాళ్ళూ పలచబడిపోయిన ఆ విషం, వానలు ఆగాక డ్రమ్ములో చిక్కబడింది. అంచు చేప పోయింది, దాంతో షెడ్డూ పోయింది. ఇక చచ్చేదాకా ఈ మనిషి కిందే కాపురం. ఆవిడకి ఏడుపు రాలేదు, ఒళ్ళంతా మంట పుట్టింది.

మరిదికి మాత్రం పండగలా ఉంది. ముద్ద నోట్లో ఉండగానే పగలబడి నవ్వాడు.

"అదీ సంగతి! ఊరంతా నన్నాడిపోసుకున్నారు! పోసింది నీ చెల్లెలు! పడింది పీక కూడా కాదు, నీళ్ళు! ఉత్త నీళ్ళు! నీళ్ళకి కూడా నాతో తగువేనా వదినా? నీళ్ళేగా!"

తోడికోడలు గరిటె పక్కన పెట్టింది. మరిది ముందున్న గ్లాసు తీసుకుని, మెట్లు దిగి వెళ్ళింది. మరిది ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అన్నయ్య నవ్వుతాడేమోనని చూశాడు, అన్నయ్య నవ్వలేదు. ఇంకో పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుని "నీళ్ళేగా" అని మళ్ళీ అన్నాడు. అప్పటికి ఆవిడ తిరిగొచ్చి గ్లాసు యథాప్రకారం కంచం పక్కన పెట్టింది.

మూడోసారి "నీళ్ళేగా" అనబోతే ముద్ద పీకకి అడ్డం పడింది. ఆయన దగ్గాడు, కళ్ళెర్రబడ్డాయి, చెయ్యి అలవాటుగా గ్లాసు మీదికి పోయింది. ఎత్తి నోటిదాకా తెచ్చాక ఆగిపోయాడు. చూడ్డానికి అవి మంచినీళ్ళే, ఎక్కడో ఒక లేత పసుపు ఛాయ అంతే. అంచు దగ్గర ఒక ఎర్రటి పొలుసు అంటుకుని ఉంది.

"తాగండి," అంది భార్య. "నీళ్ళేగా."

ఆయన దగ్గుతూ భార్య వైపు చూశాడు. ఆవిడ కట్టుకున్నప్పటినుంచీ ఆయన ముందు గొంతెత్తి ఎరగదు. ఇప్పుడూ ఎత్తలేదు, క్యారేజీలో ఏం కట్టాలని అడిగినట్టే అంది. ఆయన గ్లాసు పెదాలకి తాకించలేదు, కింద కూడా పెట్టలేదు. మొహం కందిపోయేలా దగ్గుతూ అన్నయ్య వైపు చూశాడు.

"తాగు," అన్నాడు పెయింటరు.

ఆ నోట్లోంచి ఊఁ కాకుండా ఇంకో మాట రావడం వదిన కూడా అరుదుగానే విని ఉంది. ఆవిడ పక్కనే కిటికీ గట్టు మీద మంచినీళ్ళ కూజా ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. మరిది చూపు ఆ కూజా మీద పడింది, తర్వాత వదిన మొహం మీద పడింది. ఆవిడ చేతులు కట్టుకుంది.

చివరికి ఆయనే తడబడుతూ లేచి వెళ్ళి వంటింట్లో కుళాయి కింద నోరు పెట్టాడు. లోపల నీళ్ళు పడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఈలోగా తోడికోడళ్ళిద్దరూ గిన్నె ముందు కూర్చుని, అంచు చెదరని తోక ఒక్కటైనా మిగిలిందేమోనని ఒక్కో చేపనీ తిప్పి చూస్తున్నారు.